లకాజ్ గారికి డిశ్చార్జి కబురు

ఆ రోజు ఉదయం ఎనికో పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరికీ అడ్డం రాకుండా సాయంత్రం దాకా గడిపెయ్యాలి.

ఎనికోది హంగరీ. అక్కడ సెగెద్ అనే ఊళ్ళో మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతూ, విద్యార్థుల మార్పిడి కింద తులూజ్‌లోని ఒక పెద్దాసుపత్రికి వచ్చింది. బయల్దేరే ముందు అందరితో "నాకు ఫ్రెంచి బాగానే వచ్చు" అని చెప్పింది. అది అబద్ధమేమీ కాదు. ఫ్రాన్సు మొహం ఎన్నడూ చూడని ఒక మేనత్త, తను చిన్నప్పుడు చదువుకున్న పాఠ్యపుస్తకం ముందు పెట్టి, వ్యాకరణమంతా తు.చ. తప్పకుండా నేర్పింది. చిక్కల్లా ఏమిటంటే అది రాజులు రాయబారులతో మాట్లాడే భాష. ఊపిరితిత్తుల వార్డులో ఆ భాష ఎవరూ మాట్లాడరు. ఇక్కడి మనుషులు సగం మాట నోట్లోనే మింగేసి, మిగతా సగం నడుస్తూ నడుస్తూ పారేసి పోతారు. ఎనికో ఒక వాక్యాన్ని పట్టుకుని, విప్పి చూసుకుని, జవాబు కూర్చుకునేసరికి ఆ మాట అన్న మనిషి వరండా చివర మలుపు తిరిగిపోయేవాడు.

మొదట్లో అర్థం కాని ప్రతి మాటకూ నవ్వి ఊరుకునేది. ఒకరోజు వార్డుకి పెద్ద డాక్టరమ్మ, ప్రొఫెసర్ దెల్మాస్ గారు ఒక ముసలామెకు చేదు కబురు చెబుతుంటే, వెనకాల నిలబడి ఆప్యాయంగా నవ్వింది. ప్రొఫెసర్ ఎనికోను వరండాలోకి పిలిచి, "ఇది పెళ్ళిపందిరి కాదమ్మా. రోగుల ముందు మొహం కాస్త గంభీరంగా పెట్టుకో" అన్నారు. ఆ మాట మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. అప్పటినుంచి మొహం గంభీరంగానే పెట్టుకుంది. దానికి తోడు వసంతకాలం. ఆసుపత్రి దారి పొడుగునా ఉన్న చెట్ల నూగు గాలిలో తేలుతుంటే, అది పడక ఆమె కళ్ళు ఎర్రబడి పొద్దస్తమానం నీళ్ళు కారుతుండేవి.

వార్డులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరికీ తీరిక లేదు, అంతే. డాక్టర్లు రోగిని పరీక్ష చేస్తుంటే మంచం చుట్టూ తెర లాగి పట్టుకోవడం, మళ్ళీ వదలడం ఆమె పని. క్యాంటీన్లో మిగతా విద్యార్థులు గుంపుగా కూచుని ఒకరి మాట మీద ఒకరు పడి నవ్వుకుంటుంటే, కిటికీ పక్కన పెరుగు గిన్నె ముందు పెట్టుకుని వాళ్ళతో పాటు నవ్వబోయి ఆగిపోయేది. ఇంటినుంచి ఫోన్ చేసి "రోగులకి వైద్యం చేస్తున్నావా?" అని తల్లి అడిగితే "చేస్తున్నానమ్మా" అనేది. ఆ తర్వాత ఎందుకో అన్నం సహించేది కాదు.

అటువంటి ఎనికో దగ్గరికి ఆ ఉదయం జూనియర్ డాక్టర్ తిబో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎనికో, చివరి గదిలో లకాజ్ గారు తెలుసుగా? న్యుమోనియా పూర్తిగా తగ్గిపోయింది. రేపు ఇంటికి పంపించేస్తున్నాం. ఆ ముక్క కాస్త ఆయన చెవిన వేసెయ్. నన్ను ఎమర్జెన్సీకి రమ్మంటున్నారు. చెప్పగలవా?"

వచ్చినప్పటినుంచి మొదటిసారి అన్ని వాక్యాలూ వరసగా అర్థమయ్యాయి. "అవును" అంది ఎనికో. తిబో అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

చివరి గది తలుపు ముందు నిలబడి ఆమె మాటలు కూర్చుకుంది. డిశ్చార్జి అన్న మాట మేనత్త పుస్తకంలో లేదు. కానీ అందులో ఒక రాయబారి రాజసభ దగ్గర సెలవు పుచ్చుకునే పాఠం ఉంది. ఆ పాఠంలో సభవారు రాయబారితో చెప్పే మాట ఎంతో మర్యాదగా ఉంటుంది. ఎనికో దాన్నే ఎంచుకుంది.

లకాజ్ గారు ఆ ఊళ్ళో చాలాకాలం డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. సగం తులూజ్ ఆయన చేత తిట్లు తింటూనే స్టీరింగు పట్టడం నేర్చుకుంది. భార్య పోయింది. స్కూలు ఇప్పుడు కూతురు ఒదిల్ చూసుకుంటోంది. ఆయన అప్పుడే మంచంమీద కూచుని ఉడికించిన యాపిల్ గుజ్జు చెంచాతో తింటున్నాడు.

"నమస్కారము మొస్యూ. తమరికి ఒక వార్త తెచ్చితిని" అంది ఎనికో.

"చెప్పమ్మా చెప్పు. అదేంటి, ఏడుస్తున్నావేంటి?"

"ఇది ఏడుపు కాదు మొస్యూ. ఇది వసంతము."

ఎనికో మొహం గంభీరంగా పెట్టుకుంది. "తమరు రేపు ఉదయము మమ్ములను విడిచి వెళ్ళెదరు" అంది.

చెంచా గాలిలో ఆగిపోయింది.

"ఎక్కడికి?"

కూతురింటికో, సొంతింటికో ఆయనకే తెలియాలి. "అది నాకు తెలియదు మొస్యూ. అది తమరు ముందుగనే ఆలోచించుకొనవలసినది."

లకాజ్ గారు చెంచాను మెల్లగా గిన్నెలో పెట్టేశాడు. "ఈ మాట పెద్ద డాక్టరమ్మే చెప్పిందా?"

"ఆమెయే నిశ్చయించినారు. తమరికి ఇచట చేయదగినది ఇక ఏదియు లేదు."

"మరి మందులో?"

"మందులు ఆపివేసెదము. ఇక వాటి అవసరము లేదు."

"రేపు పొద్దున్నే అంటావా? అంత కచ్చితంగా ఎలా తెలుస్తుందమ్మా మీకు?"

"పది గంటలకు మొస్యూ. ఆ తరువాత ఈ మంచమును మరియొకరికి ఇచ్చివేసినాము."

లకాజ్ గారు మంచాన్ని ఒకసారి చూసుకున్నాడు. చేతికున్న సెలైన్ సూదిని చూసుకున్నాడు. "నొప్పి ఉంటుందా?" అన్నాడు సన్నటి గొంతుతో.

ఎనికో కూడా ఆ సూది వైపే చూసింది. "ఒక్క చిన్న చురుకు. పిమ్మట ఏమియు తెలియదు."

"మా అమ్మాయికి కబురు చెయ్యనా?"

"తప్పక చేయవలెను. కుటుంబము వారందరును వచ్చుట మంచిది. మంచి దుస్తులు కూడ తెమ్మని చెప్పుడు. ఈ పైజామాతో పంపుట మర్యాద కాదు."

ఆయన ఆమె చేయి పట్టుకున్నాడు. "ఎన్నేళ్ళమ్మా నీకు?"

"ఇరువది రెండు."

"పాపం. ఇంత బరువైన పని నీ నెత్తిన పెట్టారా. ఆ కుర్ర డాక్టరుకి నా ఎదురుగా నిలబడే ధైర్యం చాల్లేదన్నమాట."

"ఆయనకు తీరిక లేదు మొస్యూ" అంది ఎనికో, తిబోను వెనకేసుకొస్తూ.

గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. పరాయి భాషలో, ఎవరి సాయం లేకుండా, ఒక మనిషికి ఒక మంచి కబురు చెప్పింది. ఆయన చేయి పట్టుకున్నాడు కూడా. ఆ మధ్యాహ్నం ఎనికో పెరుగుతో పాటు రొట్టె కూడా తింది.

లకాజ్ గారు మాత్రం దుప్పటి గడ్డం దాకా లాక్కుని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కూతురికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఓష్ అనే ఊళ్ళో ఉంటున్న తమ్ముడు లూసియాన్‌కు చేశాడు. ఆ తమ్ముడితో ఆయనకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఫోనెత్తిన లూసియాన్ మొదట "నీ గొంతు నాకెందుకు వినపడుతోంది?" అని కసిరాడు. సంగతి విన్నాక మారు మాట్లాడకుండా బస్సు ఎక్కాడు.

ఒదిల్ వచ్చేసరికి ఎనికో వరండాలోనే ఉంది. ఒదిల్ చేతిలో కొక్కేనికి తగిలించిన నల్ల సూటు. మొహం పాలిపోయి ఉంది.

"మా నాన్నకి చెప్పింది నువ్వేనా?"

"నేనే మదామ్" అంది ఎనికో, కాస్త సిగ్గుగా.

"నిజమేనా? రేపేనా?"

"నిజము. మేమందరము మిక్కిలి సంతోషించుచున్నాము."

ఒదిల్ గోడను ఆనుకుంది. "సంతోషమా?"

"అవును మదామ్. ఈ వయసులో ఇంత త్వరగా అగునని ఎవరును తలంచలేదు. తమరికి నా అభినందనలు."

ఒదిల్ కళ్ళల్లో నీళ్ళు ఉబికాయి. ఆనందబాష్పాలనుకుని ఎనికో ఆమె భుజం తట్టింది. ఒదిల్ ఆ చెయ్యి విదిలించుకుని నేరుగా నర్సుల గదిలోకి పోయింది.

అప్పుడే మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన నర్సు నడేజ్ ఇంకా కోటు గుండీలు పెట్టుకుంటోంది. పోయిన జన్మలోనూ తను ఈ వార్డులోనే పని చేసి ఉంటానని, అప్పుడూ తనకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరని ఆమె గట్టి నమ్మకం.

"మీవాళ్ళకి గుండెలున్నాయా అసలు? మా నాన్న రేపు పోతున్నాడని ఆ పిల్ల నాకు అభినందనలు చెబుతుందా?" అని ఒదిల్ విరుచుకుపడింది.

"మీ నాన్న పోవడమేంటి? ఆయన బాగానే ఉన్నాడుగా!"

"చెయ్యడానికి ఇంకేమీ లేదని పెద్ద డాక్టరమ్మే తేల్చేసిందట. మందులు కూడా ఆపేస్తున్నారట."

నడేజ్ గుండీ వదిలేసి కుర్చీలో కూలబడింది. "స్కాన్‌లో ఏదో బయటపడి ఉంటుంది. చూశారా? మాకొక్క ముక్క చెప్పరు! నిన్నగాక మొన్న వచ్చిన పరాయిదేశం పిల్లకి చెబుతారుగానీ, ఇన్నేళ్ళుగా చాకిరీ చేస్తున్న నాకు చెప్పరు."

తిబోకు ఫోన్ చేసింది. ఎమర్జెన్సీలో వాడు ఎత్తలేదు. ప్రొఫెసర్‌కు చేసింది. ఆవిడ పాఠం చెబుతున్నారు, సాయంత్రం దాకా దొరకరన్నారు. ఇక నడేజ్ తనకు తెలిసిన పద్ధతిలో పని మొదలుపెట్టింది. లకాజ్ గారి గదిలో కిటికీ తెరలు సగం దించింది. కుర్చీలు వేయించింది. అడుగుల చప్పుడు కాకుండా మునివేళ్ళమీద నడిచింది. ఫ్రిజ్‌లో నర్సులు దాచుకున్న క్యారమెల్ పుడ్డింగ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాకు షుగర్ ఉందికదమ్మా. ఇది తినొచ్చా?" అన్నాడు లకాజ్ గారు.

"తినండి మొస్యూ. ఇప్పుడింకేం ఫర్వాలేదు" అంది నడేజ్, మొహం పక్కకు తిప్పుకుని.

లోపల ఏ మూలో మిగిలున్న ఆశ కూడా ఆ మాటతో పోయింది. లకాజ్ గారు పుడ్డింగ్ పూర్తిగా తిన్నాడు. తిని, "ఫాదర్‌ని పిలిపించండి" అన్నాడు. జన్మలో చర్చి గడప తొక్కని మనిషి ఆయన. ఎవరి పెళ్ళికి వెళ్ళినా చర్చి బయట కార్ల దగ్గరే నిలబడేవాడు. ఒదిల్ ఆ మాట విని పెద్దగా ఏడ్చింది.

సాయంకాలమవుతుండగా నడేజ్ వచ్చి ఎనికోను పిలిచింది. "పద. ఆయన నిన్ను రమ్మంటున్నాడు. ఈ ఆసుపత్రిలో తనకి నిజం చెప్పింది నువ్వొక్కతెవేనంటున్నాడు."

ఆయన తనను తలుచుకున్నందుకు ఎనికో పొంగిపోయింది. కానీ వెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయింది. గది సగం చీకటిగా ఉంది. బీరువా తలుపుకు నల్ల సూటు వేలాడుతోంది. ముసలి ఫాదర్ వియాల్ మెడలో ఊదారంగు పట్టీ వేసుకుని, చిన్న నూనె సీసా చేతబట్టుకుని మంచం పక్కన కూచున్నారు. కిటికీ దగ్గర లూసియాన్, అన్నగారి మీసాల్లాంటి మీసాలే తడుముకుంటూ, అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"కయ్యూ పారిపోలేదు లూసియాన్" అంటున్నాడు లకాజ్ గారు. "నువ్వు కాలు విరిగి మంచాన పడ్డప్పుడు నీ కుక్కని నా దగ్గర వదిలిపెట్టావు. అది స్కూలు కార్ల సీట్లన్నీ కొరికేసింది. బాతులు పెంచేవాడొకడు అడిగితే ఇచ్చేశాను. పారిపోయిందని నీతో అబద్ధమాడాను."

"అమ్మ మీద ఒట్టేశావు" అన్నాడు లూసియాన్, ఇటు తిరక్కుండానే.

"వేశాను."

"ఆ కుక్క కోసం చలికాలమంతా కుంటుకుంటూ అడవుల్లో తిరిగాను. అరిచి అరిచి నా గొంతు పోయింది."

"తెలుసు."

లూసియాన్ మెల్లగా ఇటు తిరిగాడు. చివరికి వచ్చి అన్న పాదాల దగ్గర కూచున్నాడు. "సరే. పోయేవాడితో ఏం పేచీ పెట్టుకుంటాను. క్షమించాను."

కుక్క సంగతి ఎనికోకు సగమే అర్థమైంది. కానీ ఊదారంగు పట్టీ ఏమిటో, నూనె సీసా ఏమిటో హంగరీలో కూడా తెలుసు. తాతయ్య పోయేముందు ఫాదర్ వచ్చి ఆయన నుదుట అలాంటి నూనె రాయడం చూసింది. ఉదయం తను చెప్పిన వాక్యాలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. మందులు ఆపివేసెదము. పది గంటలకు. పైజామాతో పంపుట మర్యాద కాదు. వాటి వెనకే ఒదిల్‌కు చెప్పిన అభినందనలు.

"లేదు! లేదు మొస్యూ!" అంటూ మంచం దగ్గరికి పరిగెత్తింది. "నేను తప్పు చెప్పితిని. ఇది చనిపోవుట కాదు. ఇది వెళ్ళుట మాత్రమే!"

ఫాదర్ వియాల్ కళ్ళు మూసుకుని తలాడించారు. "ఎంత బాగా చెప్పావు తల్లీ. చనిపోవడం కాదు. వెళ్ళడం, అంతే."

"కాదు ఫాదర్! ఆయన ఇంటికి వెళ్ళుచున్నారు. ఇంటికి!"

"అవును. తండ్రి ఇంటికి" అని ఫాదర్ పైకి చూపించారు. ఒదిల్ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఎనికో, మేనత్త నేర్పిన వ్యాకరణమంతా తిరగేసి, అన్నిటికంటే తేటగా ఉన్న మాటను పట్టుకుని అరిచింది. "తమరు జీవించెదరు!"

"ఆమెన్" అన్నారు ఫాదర్.

"ఆమెన్" అన్నాడు లూసియాన్.

లకాజ్ గారు ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నీ మాటతో ధైర్యం వచ్చిందమ్మా. ఇంకొక్కటి మిగిలింది. అది కూడా దింపేసుకుంటాను. ఒదిల్, ఇలా రా."

"వద్దు మొస్యూ! ఏమియు చెప్పవద్దు! రేపటి వరకు ఆగుడు!"

"రేపు నేనుంటానా పిచ్చిపిల్లా" అన్నాడాయన జాలిగా. కూతురి వైపు తిరిగాడు. "ఒదిల్, నీ డ్రైవింగ్ పరీక్ష గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు నాన్నా. ఒక్కసారికే పాసయ్యాను. మన స్కూలు గోడమీద ఫొటో కూడా ఉందిగా."

"నువ్వు పాసవలేదమ్మా. కారు తెచ్చి పోస్టాఫీసు మెట్ల మీదికి ఎక్కించావు. పరీక్ష పెట్టినాయన నాకు దోస్తు. నా కూతురు ఫెయిలైతే స్కూలు పరువు పోతుందని ఆయన్ని బతిమాలుకున్నాను."

ఒదిల్ ఏడుపు ఆగిపోయింది. "నాన్నా, నేను ఊళ్ళోవాళ్ళందరికీ డ్రైవింగ్ నేర్పుతున్నాను."

"తెలుసమ్మా. రోజూ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. నమ్మకం లేకపోయినా."

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ప్రొఫెసర్ దెల్మాస్ లోపలికి వచ్చారు. వెనక అలసిపోయిన మొహంతో తిబో. ప్రొఫెసర్ సగం దించిన తెరలను, నూనె సీసాను, నల్ల సూటును వరసగా చూశారు.

"ఏంటిదంతా? ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదు డాక్టరుగారూ. రేపు పదింటికి" అంది నడేజ్, ఎర్రబడ్డ కళ్ళతో.

"రేపు పదింటికి ఈయన ఇంటికి పోతున్నాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె నాకంటే బాగుంది. ఇంకో పదేళ్ళకి ఢోకా లేదు."

ఆసుపత్రిలో ఇంతకంటే మంచి కబురు ఉండదు. కానీ గదిలో ఒక్కరి మొహమూ విప్పారలేదు.

"పదేళ్ళా?" అంది ఒదిల్.

"పదేళ్ళా?" అంటూ లూసియాన్ అన్న పాదాల దగ్గర్నించి లేచాడు. "అయితే నా క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను."

ఫాదర్ వియాల్ మెడలో పట్టీ తీసి, జాగ్రత్తగా మడతపెట్టి, కింద అంతస్తులో ఎవరో ఎదురుచూస్తున్నారని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. "నేను చెప్పమన్నది ఇంటికి పంపుతున్నామని!" అన్నాడు తిబో. "నాకు ఎవరైనా ఒక్క ముక్క చెబితేగా!" అంది నడేజ్. "పోస్టాఫీసు మెట్లా?" అంది ఒదిల్. లకాజ్ గారు మాత్రం పెద్ద ప్రమాదం తప్పిన మనిషిలా లేడు. అప్పుడే ప్రమాదం జరిగినవాడిలా ఉన్నాడు. కాసేపటికి అందరూ ఒక్కొక్కరే మాటలాపి ఎనికో వైపు తిరిగారు.

"రేపు ఉదయం నా గదికి రా" అన్నారు ప్రొఫెసర్.

ఎనికో వెనక మెట్ల మీద కూచుంది. ఈసారి కళ్ళల్లో నీళ్ళకు వసంతంతో సంబంధం లేదు. వైద్యం చేసి ఒక్క మనిషినైనా బతికించాలని ఇంత దూరం వచ్చింది. బతికే ఉన్న మనిషిని ఒక పూటలో అందరికీ కాకుండా చేసింది. ఇక్కడివాళ్ళు వెనక్కి పంపేస్తారు. సెగెద్‌లో ఎందుకొచ్చేశావని అడుగుతారు. ఆ సంగతి తన సొంత భాషలో చెప్పుకోవాలి. తప్పు మాట పడిందని చెప్పి తప్పించుకోవడానికి కూడా ఉండదు. తల్లి ఫోన్ చేసింది. ఎనికో ఎత్తలేదు.

మర్నాడు ప్రొఫెసర్ గదికి వెళ్ళేముందు లకాజ్ గారికి క్షమాపణ చెప్పుకుందామని చివరి గదికి వెళ్ళింది. ఆయన నల్ల సూటు వేసుకుని మంచం అంచున కూచుని ఉన్నాడు. అది తప్ప వేరే బట్టలు తేలేదు మరి.

"మొస్యూ, నేను..."

"తలుపు వెయ్యమ్మా" అన్నాడాయన రహస్యంగా. "నిన్న చెప్పావే, ఆ మాట మళ్ళీ ఒక్కసారి చెప్పు."

"ఏ మాట మొస్యూ?"

"అదే, రేపు విడిచి వెళ్ళిపోతానని. మా అమ్మాయి వచ్చాక దాని ఎదురుగా చెప్పు. స్కాన్ మళ్ళీ చూశారని చెప్పు. వారం రోజులని చెప్పు. వారం చాలు, ఈలోపు చల్లబడుతుంది. ఈ ముఖంతో నేను ఇంటికెలా పోను?"

"మొస్యూ, తమరి ఆరోగ్యము చక్కగనున్నది."

"అదే నా ఖర్మ" అన్నాడు లకాజ్ గారు. కాసేపు ఇద్దరూ మంచం అంచున పక్కపక్కన కూచుని నేలవైపు చూస్తూ ఉండిపోయారు. ఆ ఊరొచ్చాక ఎనికో పక్కన ఎవరైనా అంతసేపు కూచోవడం అదే మొదలు.

తలుపు తెరుచుకుని లూసియాన్ వచ్చాడు. ఆఖరి బస్సు తప్పిపోయి కింద కుర్చీల్లోనే పడుకున్నాడు. చొక్కా నలిగిపోయి, మీసం ఒక పక్కకు తిరిగి ఉంది.

"లే. మా ఇంటికి పోదాం" అన్నాడు అన్నతో.

"మీ ఇంటికా? దేనికి?"

"తిట్టడానికి. ఇక్కడ గట్టిగా అరవనివ్వడం లేదు. పక్క గదులవాళ్ళు నిద్రపోవాలట. ఇన్నేళ్ళ బాకీ ఒక్క సాయంత్రంలో తీరుతుందా? కనీసం వేసవి దాకా పడుతుంది."

లకాజ్ గారు లేచి నిలబడి మళ్ళీ కూచున్నాడు. "నాకు షుగరు మందులున్నాయి, వేళకి..."

"నాకు తెలుసు. వేళకి ఇస్తాను. ఇచ్చి తిడతాను."

కింద కారు దగ్గర ఒదిల్ తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. తండ్రిని చూడగానే తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "నాకు లైసెన్సు లేదటగా. మీరే తోలుకోండి" అంది. ముసలాళ్ళిద్దరికీ కళ్ళు సరిగ్గా ఆనవు. ఆసుపత్రి గేటు దగ్గర ముగ్గురూ కాసేపు గట్టిగా వాదించుకున్నారు. చివరికి ఒదిల్లే స్టీరింగు ముందు కూచుంది. పోస్టాఫీసు లేని దారిలో వెళ్ళమని తండ్రి చెప్పడం, ఆమె తలుపు దభాలున వెయ్యడం పైనుంచి ఎనికోకు వినపడింది.

ప్రొఫెసర్ దెల్మాస్ గది ముందుకు వచ్చేసరికి ఎనికో క్షమాపణ పాఠం పూర్తిగా బట్టీ పట్టింది. లోపలికి వెళ్ళగానే మొదలుపెట్టబోతే ప్రొఫెసర్ చెయ్యెత్తి ఆపారు.

"నువ్వేమీ మాట్లాడకు. దయచేసి. నిన్ను వెనక్కి పంపించేద్దామనే రాత్రి అనుకున్నాను. కానీ రోగికి చెప్పే మాట నీకు అప్పజెప్పి పరిగెత్తింది మావాడు. ఫోన్ ఎత్తనిది మేము. అందుకని రేపటినుంచి నిన్ను ఆపరేషన్ థియేటరుకి మారుస్తున్నాను. అక్కడ రోగులు మత్తులో ఉంటారు."

"మత్తు దిగిన పిమ్మట మదామ్?"

"మత్తు దిగేలోపల నువ్వు బయటికి వచ్చెయ్యాలి."

ఎనికో తల వంచుకుంది. ఉండనిచ్చారన్న ఊరటా కలగలేదు, ఏడుపూ రాలేదు. మేలుకున్న మనిషి ఒక్కడి దగ్గరికీ తనను పోనివ్వరని మాత్రం అర్థమైంది.

తలుపు తట్టి ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. లకాజ్ గారి ఎదుటి గదిలో ఉన్న పుజోల్ గారి భార్య. నిన్నటి గొడవంతా వరండాలో నిలబడి విన్నదట. వచ్చీరాగానే ఎనికోను తేరిపారా చూసింది.

"ఈ అమ్మాయేనా? డాక్టరుగారూ, మా ఆయన్ని ఈ వారాంతంలో ఇంటికి పంపిస్తామన్నారు కదా. ఆ కబురు ఈ అమ్మాయి చేతే చెప్పించండి. నిన్న చెప్పినట్టే చెప్పాలి. మొహం కూడా అలాగే పెట్టాలి."

"మదామ్, నిన్న జరిగింది పొరపాటు" అన్నారు ప్రొఫెసర్.

"పొరపాటో గ్రహపాటో నాకు తెలీదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకసారి మార్సెయ్ వెళ్ళి రెండు వారాలు అజాపజా లేకుండా పోయాడు. ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, చేపలు పడుతున్నానంటాడు. ఈ అమ్మాయి అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు నాకు."

ప్రొఫెసర్ నుదురు రుద్దుకుని, కుదరదని చెప్పబోతున్నారు. అంతలో నడేజ్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"డాక్టరుగారూ, పుజోల్ గారి మంచం ఖాళీగా ఉంది! సూది తనే పీకేసుకున్నాడు. ప్యాంటు, కోటు వేసుకున్నాడు. కాళ్ళకి మాత్రం మన ఆసుపత్రి చెప్పులే."

"ఎక్కడికి పోయాడు?"

"నాకెవరు చెబుతారు? ఈవిడ ఇటు రావడం చూసి, హంగరీ అమ్మాయి ఎక్కడుందని అడిగాడంతే."

ఆ రోజు మార్సెయ్ రైలు, ఆసుపత్రి చెప్పులేసుకున్న ఒక పెద్దాయన్ని ఎక్కించుకుని, ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా బయల్దేరింది.